మణికట్టు మీద అచ్చుతప్పు

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని తోటివాళ్లు ‘కామా’ అనేవారు. ఏ మాటైనా మధ్యలో ఆగకుండా చెప్పలేడు గనక. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు.

ఆయన పొద్దున తొమ్మిదింటికి వెళ్లేవాడు. నర్సుగా పనిచేసే భార్య మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లి, ఆయన నిద్రపోయాక వచ్చేది, ఆయన వెళ్లాక లేచేది. పదిహేడేళ్ల కాపురం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీది చీటీల్లో నడుస్తోంది. “కూర లోపలుంది.” “గ్యాస్ అయిపోవచ్చింది.” ఒకసారి ఆయన ఓ చీటీలో ఒత్తు తప్పు దిద్దాడు. ఆ తర్వాత వారం పాటు చీటీలు కూడా లేవు.

కొత్త వాచీ పెట్టుకున్న వారానికి మణికట్టు లోపలివైపు ఎర్రగా పొక్కి దురద పెట్టింది. ఆ రోజు ఎందుకో పెందలాడే లేచిన ఆవిడ చూసింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆయింట్‌మెంట్ రాసింది.

“గోకకండి.”

“గోకను.”

“ఆ వాచీ మానేయండి. కొందరికి బకిల్ లోహం పడదు.”

“మానేస్తా.”

మాటలు అంతే. పట్టింది మాత్రం పది నిమిషాలు. ఆ పది నిమిషాలనే ఆయన ప్రెస్సులో సాయంత్రం దాకా నెమరువేసుకున్నాడు.

రోజూ పొద్దున్నే లేచి అలాగే రాస్తే, అయిదు రోజులకు చెయ్యి నున్నగా అయిపోయింది. “ఇక పర్వాలేదు” అని ఆవిడ ట్యూబు మూత బిగించింది. ఆయన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

మర్నాటి నుంచి ప్రెస్సులో రోజంతా వాచీ పెట్టుకుని, ఇంటికొచ్చే ముందు తీసి జేబులో దాచాడు. రెండు రోజుల్లో దద్దురు దర్జాగా తిరిగొచ్చింది.

“మళ్లీనా? సబ్బు పడలేదేమో.”

“అదే... అయ్యుండొచ్చు.”

సబ్బు మారింది. బట్టల సబ్బు మారింది. చొక్కాలన్నీ మరిగే నీళ్లలో మునిగాయి. కుంచించుకుపోయిన చొక్కాలో బొత్తాలు బిగపట్టుకుని ఆయన ప్రెస్సుకెళ్లాడు. అయినా దద్దురు తగ్గలేదు. వాచీ తన పని తాను చేస్తోంది మరి.

నాలుగో రోజు ఆవిడ గ్లౌజులు తొడుక్కుని వచ్చింది.

“అవెందుకు?”

“ఆసుపత్రిలో చేతులకు రాసుకునే మందు మీకు పడట్లేదేమో.”

రబ్బరు వేళ్లు ఒక్క నిమిషంలో పని ముగించాయి. ఆ రోజే ఆవిడ పడక కూడా హాల్లోకి మారింది. మరో రెండు రోజులకు బల్ల మీద ట్యూబు, పక్కన చీటీ: “మీరే రాసుకోండి. రోజుకు రెండుసార్లు.” ఆయన చీటీని నాలుగుసార్లు చదివాడు. తప్పు ఒక్కటీ లేదు.

మర్నాడు తొమ్మిది దాటినా ఆయన కదల్లేదు. ఆవిడ లేచి వచ్చేదాకా వంటింట్లోనే కూర్చున్నాడు.

“నీ చేతుల వల్ల కాదు... వాచీ వల్ల. మళ్లీ పెట్టుకున్నా... కావాలనే.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“రెండోసారి చూసినప్పట్నుంచే. బకిల్ నాలుగు అంచులూ అచ్చు గుద్దినట్టున్నాయి. లోకంలో అచ్చుతప్పులన్నీ పట్టేస్తారు, చేతి మీదున్నది కనపడలేదా?”

ఆయన తల దించుకున్నాడు. “మరి గ్లౌజులు? హాల్లో పడక?”

“ఎప్పటికి నోరు తెరుస్తారో చూద్దామని. పొద్దుటి పూటంతా ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుకుంటున్నానని మీకు తోచనే లేదు కదా.”

ఆయన జేబులోంచి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ప్రెస్సుకు ఆలస్యమవుతోంది” అంది ఆవిడ.

“ఇవాళ రానని చెప్పేశా.”

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ట్యూబు జోలికి పోకుండా ఆయన రెండో చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఆ చేతికేం కాలేదు” అన్నాడాయన.

“కనపడుతోంది లెండి” అంది ఆవిడ. చెయ్యి మాత్రం వదల్లేదు.