రోజాముళ్ళ గురువు షిఫ్ట్ చార్టు

పాప్ రాక్ బ్యాండు బాగుపడాలంటే అందులోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకూడదు! నమ్మరా? అయితే మీరు హోసూరు 'రోజాముళ్ళు' బ్యాండును విననట్టే.

పాడేవాడు మంజు. డ్రమ్స్ మాదేశ్, గిటార్ అనంతకుమార్, కీబోర్డు మీనా. నలుగురూ మూకండపల్లిలో ఒకే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్ళు. గేటు ఒకటే, షిఫ్టులు వేరు. మంజు డ్యూటీ దిగే వేళకు మాదేశ్ ఎక్కుతాడు. వారం తిరిగేసరికి అంతా తారుమారు. బ్యాండును ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దే ఈ షిఫ్ట్ చార్టు లాంటి గురువు ఏ మహానగరంలో దొరుకుతాడు చెప్పండి!

మొదట్లో వాళ్ళది ఒట్టి గోల. ఇంతలో మాదేశ్‌కు నైట్ షిఫ్ట్ పడింది. కుందారపల్లి రిసెప్షన్‌లో డ్రమ్స్ లేక మంజు మెల్లగా పాడితే, బ్యాండుకు పరిణతి వచ్చిందన్నారు జనం. తర్వాత గిటారు డ్యూటీకి పోయింది. అది ప్రయోగ దశ! ఆనక మంజే డ్యూటీకి పోయాడు. బాగలూరులో ఒక రోజా తోట ఆసామి తన గ్రీన్‌హౌస్ ప్రారంభంలో ఆ మాటల్లేని పాట విన్నాడు. మొగ్గలు త్వరగా విచ్చుకుంటున్నాయని మళ్ళీ పిలిచాడు! ఇంతకన్నా అవార్డు ఏం కావాలి?

మంజుకు మాత్రం ఈ అభివృద్ధి ఒంటబట్టలేదు. అతనిది ఒకటే పిచ్చి. తను కట్టిన పాటను జనం ముందు నలుగురూ కలిసి ఒక్కసారి వాయించాలి. షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్ ఈశ్వరప్ప వెంట కాళ్ళరిగేలా తిరిగాడు. ఆయన చార్టు చూపించి తల అడ్డంగా ఊపేవాడు. పాపం, కరిగి ఉంటే కళ ఏమైపోయేది!

అలాంటిది, పోయిన నెల అద్భుతం జరిగింది. కృష్ణగిరి మామిడికాయల ఎగ్జిబిషన్ స్టేజి మీద నలుగురూ ఒకేసారి కనిపించారు! మాదేశ్ డ్రమ్స్ పగిలేలా వాయించాడు. మీనా వాయిస్తూనే నవ్వింది. పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు. మంజుకు పాట సగంలోనే కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ముందు వరసలో నిలబడి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? ఈశ్వరప్పే!

మంజు స్టేజి దిగి ఆయన దగ్గరికి పోయాడు.

"ఏం సార్, ఈ పొద్దు డ్యూటీకి పోలేదా?"

"యాడికి పోయేదప్పా? మీ కాంట్రాక్టోళ్ళనందరినీ పనిలోనించి తీసేసినారు. ఇంక నేను ఎవురికి వేసేది షిఫ్టు?"

కాబట్టి పాఠకులారా, రోజాముళ్ళు ఇప్పుడు నిండు బ్యాండు. పొద్దున పిలిచినా, రాత్రి పిలిచినా నలుగురూ వస్తారు. మీ ఇంట పెళ్ళి ఉంటే కాస్త చెప్పండి.