గోదావరి కంపెనీ మందు

మట్టి అంత దండగమారి సరుకు ఈ లోకంలో మరొకటి లేదు! కాదనేవారు ముందు తమ చెప్పుల అడుగు చూసుకుని మాట్లాడాలి.

ఏటా వరదల్లో గోదావరి ఇంత ఒండ్రు తెచ్చి మన పొలాల్లో పరిచి పోతుంది. ఎవరడిగారండీ? ఆ ఒండ్రు వల్ల కాదూ, తరతరాలుగా మన గోళ్ళు నల్లబడిందీ, గచ్చులు కడిగి కడిగి ఇల్లాళ్ళ నడుములు పడిపోయిందీ!

ఈ సంగతి మండపేటలో అందరికన్నా ముందు గ్రహించిన వారు విజయ్ పాల్ గారు. రిటైరైన లెక్కల మాష్టారు, రైతు బిడ్డ. మొక్కకి కావలసింది నత్రజని, భాస్వరం, పొటాష్, ఇంకా చిటికెడు ఇనుమూ గినుమూ. అవేవో నీళ్ళలోనే కలిపి ఇచ్చేస్తే మధ్యలో మట్టి ఎందుకని ఆయన ప్రశ్న. యూట్యూబు కూడా అదే అంది.

డాబా మీద తెల్లటి పైపులు, వాటికి చిల్లులు, చిల్లుకో పాలకూర మొక్క, కింద ట్యాంకు, మోటారు వెలిశాయి. ఇక మట్టితో పనేముంది? ఇంటి వెనక అరెకరం పైమట్టి తవ్వించి, కొత్త లేఅవుటు మెరక చేయడానికి తోలించేశారు. ఒక్క ట్రక్కు మట్టి మాత్రం ఆయన భార్య దీనమ్మ గారు అడ్డం నిలబడడంతో ఇంటి పక్కనే ఉండిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "ఈసారి కోతపండుగకి మట్టి మరక లేని పాలకూర తెస్తానండి" అని సంఘమంతటి ముందూ ప్రకటించేశారు. పండుగ నెల రోజులుంది. మాష్టారి పరువు మొత్తం ఆ పైపుల్లోనే ఉంది.

వారం తిరిగేసరికి ఆకులు కాస్త పాలిపోయాయి. డెల్టాలో పుట్టినవాడికి పాలిపోయిన ఆకు కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? నాన్నగారు వరిచేలో చల్లినట్టే మాష్టారు ట్యాంకులో రెండు గుప్పెళ్ళ యూరియా చల్లారు. పచ్చబడలేదని మర్నాడు ఇంకో రెండు. మూడో రోజుకి ఆకుల అంచులు మాడి, మొక్కలు తలలు వాల్చేశాయి.

కంగారుపడి, రాజమండ్రి నుంచి పైపులు తెచ్చి బిగించిన దుర్గాసాయికి ఫోన్ చేశారు.

"యూరియా వేశారాండీ? దాన్ని మొక్క తినేలా మార్చేది మట్టిలో ఉండే సూక్ష్మజీవులండి. మీ ట్యాంకులో ఎవరున్నారండి మార్చడానికి?"

మాష్టారు ట్యాంకులోకి తొంగి చూశారు. ఆయన ముఖమే కనబడింది.

దీనమ్మ గారు డాబా ఎక్కారు. కొనప్రాణంతో ఉన్న మొక్కల్ని ఏరి, వేళ్ళు కడిగి, ఇంటి పక్క మట్టికుప్పలో గుచ్చి, రోజూ బియ్యం కడుగు పోశారు. మూడు వారాల్లో పాలకూర అరచేతి వెడల్పున లేచింది.

పండుగనాడు మాష్టారు గంపెడు పాలకూర పట్టుకెళ్ళారు. పాస్టరు గారు సైన్సుని మెచ్చుకున్నారు, సంఘం చప్పట్లు కొట్టింది. పండుగ కానుకల వేలంలో ఆ గంపని పక్కింటి తబిత పాడుకుంది. సాయంత్రానికల్లా ఒక కట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"మాష్టారూ, మట్టి లేని పంటన్నారు. వేళ్ళకి ఈ నల్లటిదేంటండీ?"

మాష్టారు కట్ట అందుకుని తిప్పి చూశారు. "అది... ఒక మందమ్మా. గోదావరి కంపెనీది. వరదలప్పుడు కంపెనీవాడే ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు."

"ఎంత బాగా పనిచేసిందండీ! మాకూ రెండు బస్తాలు ఇప్పించరూ?"

మాష్టారు కిటికీలోంచి వెనక గోతివైపు చూశారు. సిగ్గూ దిగులూ ఒక్కసారే వచ్చాయి ఆయనకి.

"ఇక దొరకదమ్మా. స్టాకంతా నేనే లేఅవుటుకి తోలించేశాను."

కాబట్టి పాఠకులారా, ఆలస్యం చేయక మీరూ పైపులు కొనుక్కోండి. సోమవారం మా వీధి చివరి పొలానికి కూడా మట్టి తోలే ట్రాక్టర్లు వస్తున్నాయి.