తువాలు కింద ఎగుమతి

ప్రపంచ వ్యాపారంలో అనిశ్చితి ఇకమీదట తన ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదని, దానికి కూడా ఒక ఫారం, ఒక అధికారి, ఒక ఆఖరి తేదీ ఉండాలని ప్రభుత్వం తీర్మానించింది.

తీర్మానం జరిగిన తొమ్మిదో రోజుకే 'అనిశ్చితి ఆసరా' పథకం పుట్టింది. పదో రోజుకు దానికో యాప్ పుట్టింది. పదకొండో రోజుకు యాప్ మొరాయించింది. ఈ మధ్య కాలంలో ఏ పథకమూ ఇంత వేగంగా ఇన్ని దశలు దాటలేదని అందరూ మెచ్చుకున్నారు.

పథకం చాలా సులభం. దేశాల మధ్య సుంకాల పేచీ వల్ల విదేశాలకు పోవాల్సిన పంట ఆగిపోతే, దాన్ని చింతామణిలో కొత్తగా కట్టిన ఫ్యాన్ల గోదాములో ఉచితంగా దాచిపెడతారు. పేచీ తీరాక రైతు తీసుకుపోవచ్చు. అర్హత ఏమిటంటే, పంట విదేశాలకు పోవడం ముందు ఖాయమై ఉండాలి. ఆ ఖాయమైనది తర్వాత అనుమానంలో పడి ఉండాలి. అనుమానంలో పడిందని ఖాయంగా చెప్పే కాగితం ఉండాలి. (అనుమానాలున్నవాళ్లు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. హెల్ప్‌లైన్ ఉందా లేదా అన్నది ఇంకో అనుమానం.)

పాతపాళ్య పిళ్ళప్ప కొట్టంలో అలాంటి అనుమానం నూట నలభై మూటలు ఉంది.

అది గులాబీ రంగు చిన్న ఎర్రగడ్డ. ఎర్రగడ్డంటే ఈ సీమలో ఉల్లిగడ్డే. అయితే ఈ రకాన్ని ఇక్కడెవరూ వండరు. గోలీకాయంత గడ్డ. ఒక పూట చారుకు సరిపడా ఒలిచేసరికి రెండో పూట ఆకలి మొదలవుతుంది. సముద్రం అవతలి వాళ్లకు మాత్రం అదంటే ప్రాణం. అంచేత పిళ్ళప్ప తాను తినని పంటను, తాను చూడని మనుషుల కోసం, తనకు అంతుబట్టని లెక్కల మీద పండిస్తున్నాడు. దీన్ని పెద్ద సభల్లో 'అవకాశం' అంటారు.

మూడు వారాల కిందట ఒక దేశం సుంకం పెంచింది. రెండో దేశం అలిగింది. మూడో దేశం ఆ ఇద్దరినీ చూసి ఎందుకైనా మంచిదని తలుపేసుకుంది. రేవులో ఓడ ఆగింది, చింతామణిలో లారీ ఆగింది, కొట్టంలో మూటలు ఆగాయి. ఆగకుండా వస్తున్నది తూర్పు దిక్కున మబ్బు ఒక్కటే.

మంగళవారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. పిళ్ళప్ప పెళ్లాం మునిలక్ష్మమ్మ కొట్టంలోంచి ఒక గడ్డను, చచ్చిన ఎలుకను తోక పట్టి తెచ్చినట్టు, రెండు వేళ్లతో పట్టుకొచ్చింది.

"ఏమయ్యో, ఇది చూడు. మొలకేస్తాండాది."

"ఒగటే కదా."

"మొదుట ఒగటే ఏస్తాది. మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి. శుక్రవారం సాయంత్రం అయిదుకు గోదాము వాకిలి మూసేస్తారంట. నువ్వు ఈడనే కూచోని మీసం దువ్వుకో."

పిళ్ళప్ప ఎనిమిది గంటల బస్సెక్కాడు.

బాగేపల్లిలోని అనిశ్చితి ఆసరా కేంద్రంలో కంప్యూటర్ ముందు అంబిక కూర్చుని ఉంది. మంచి పిల్ల. యాప్ చేసిన తప్పుకు కూడా తనే తలొంచుకుంటుంది.

"అప్పా, పంట ఫారిన్‌కు పోయేది ఖాయమైనట్ల ప్రూఫ్ ఏముండాది?"

"తువాలుండాది."

అంబిక తలెత్తి చూసింది. పిళ్ళప్ప భుజం మీది ఎర్రంచు తువాలు తీసి బల్ల మీద పరిచాడు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. చింతామణి వ్యాపారి శ్రీనివాసప్ప తండ్రి ఎద్దుల సంతలో దళారి. కొడుకు ఎద్దులు వదిలి ఎర్రగడ్డల్లోకి వచ్చాడు కానీ తువాలు వదల్లేదు. ఇద్దరి చేతుల మీద తువాలు కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు నొక్కితే వంద, నాలుగు వేళ్లు కలిపి నొక్కితే నలభై. ఒప్పుకున్నవాడు ఎదుటివాడి వేళ్లను గట్టిగా బిగించి చెయ్యి బయటికి తీస్తాడు. అంతే, బేరం అయిపోయినట్టు. ముప్పై ఏళ్లలో ఒక్కరూ వెనక్కి పోలేదు. (అదే ముప్పై ఏళ్లలో సంతకాలు పెట్టి, సీళ్లు వేసి, సాక్షుల్ని పిలిచి రాసుకున్న ఒప్పందాలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే ఏ కోర్టు వరండాకైనా వెళ్లి చూడవచ్చు.)

అంబిక 'ఇతర ఆధారాలు' అన్న గడి తెరిచి తువాలును ఫోటో తీసి ఎక్కించింది. యాప్ బాగా ఆలోచించి జవాబిచ్చింది: 'చిత్రంలో ఎగుమతి కనబడలేదు.'

"శ్రీనివాసప్పను గూడా పిల్చకరండప్పా. బేరం చేస్తాండేది తీస్తాను."

బుధవారం మధ్యాహ్నానికి శ్రీనివాసప్ప ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో దిగాడు. ఇద్దరూ తువాలు కింద చేతులు పెట్టారు. అంబిక ఫోటో తీసింది. 'చేతులు కనబడలేదు.'

"అయితే తువాలు తీసేయండప్పా."

శ్రీనివాసప్ప ముఖం ఎర్రబడింది. "తువాలు తీస్తే బేరానికి మానమేముంటాదమ్మా? మా నాయన చచ్చి యాడుండాడో, ఇది చూస్తే మళ్లా వచ్చి తంతాడు."

"ఒక్క ఫోటోకప్పా," అన్నాడు పిళ్ళప్ప. "ఎర్రగడ్డలు మొలకేస్తాండాయి."

ఆ మాటకు శ్రీనివాసప్ప కరిగాడు. కళ్లు మూసుకుని చెయ్యి ఇచ్చాడు. పిళ్ళప్ప పట్టుకున్నాడు. ఫోటో వెళ్లింది. ఈసారి యాప్ ఆలస్యం చేయలేదు. తెర మీద పూలవాన కురిసింది.

'అభినందనలు! మీ అర్జీని సామూహిక వివాహాల విభాగానికి పంపడమైనది. వధువు వయసు ధ్రువపత్రం జతచేయండి.'

అంబిక బల్ల కిందికి వంగింది. పెన్ను వెతుక్కుంటోందనుకున్నారు. నవ్వుతోంది.

కబురు పిళ్ళప్ప కంటే ముందే పాతపాళ్యకు చేరింది. మునిలక్ష్మమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"ముప్పై ఏండ్లు నాతో కాపరం చేసి, ఇప్పుడు శ్రీనివాసప్పను కట్టుకుంటాండావంటనే! కట్టుకో, నేనేం వద్దన్ల్యా. ఎర్రగడ్డలు ఏరేదానికి మాత్రం పొద్దున్నే నాలుగింటికి లెయ్యల్లని ఆయప్పకు ముందే చెప్పు." గొంతు తగ్గించింది. "ఈ పొద్దు పదకొండు మొలకలు చూసినాను."

గురువారం. చిక్కబళ్లాపురం. యాప్‌ను దాటి ఆ కాగితం ఇవ్వగలిగింది ఇక ఒక్క మనిషే. అనిశ్చితి ధ్రువీకరణాధికారి రామచంద్రప్ప. చాలా నిజాయితీపరుడు. ఆయన తప్పు నిర్ణయం తీసుకోవడం ఎవరూ చూడలేదు. (నిర్ణయం తీసుకోవడమే ఎవరూ చూడలేదు.)

"నీ పంట పోదని ఖాయమా?" అడిగాడు రామచంద్రప్ప.

"ఖాయం కాదు సార్. పోయినా పోవచ్చు."

"అయితే పోతాదని ఖాయమా?"

"అదీ చెప్పలేము సార్."

"ఏదీ ఖాయం కాకపోతే నేను ఏమని సహి చేసేదప్పా?"

"అనిశ్చితి అని, సార్."

"అది నిశ్చయంగా తెలియల్ల కదా!"

గదిలో ఫ్యాన్ మూడు చుట్లు తిరిగింది. రామచంద్రప్ప కళ్లద్దాలు తుడుచుకుని, తన ఉద్యోగ జీవితంలోకెల్లా సాహసమైన వాక్యం పలికాడు.

"రేపు చింతామణి మార్కెట్‌లో మహజరు చేస్తాను, కళ్లారా చూసి రాసుకుంటాను. తువాలును హాజరు పరచండి."

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మబ్బు చింతామణి నెత్తి మీదికి వచ్చి నిలబడింది. మార్కెట్ గేటు బయట లారీ. లారీలో నూట నలభై మూటలు. మూటల మీద, ఏనుగు మీద మావటిలా, మునిలక్ష్మమ్మ. గోదాము అక్కడికి రెండు వందల గజాలు. వాకిలి మూయడానికి నలభై నిమిషాలు.

రామచంద్రప్ప టేపు తీసి తువాలును కొలిచాడు. పొడవు అయిదడుగులు. వెడల్పు రెండున్నర. అంచు ఎరుపు. మరకలు: వ్యవసాయ సంబంధమైనవి. రాస్తూ రాస్తూ తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్ను ఆపాడు. 'సదరు ఆధారం పనిచేయు విధానమును అధికారి స్వయముగా పరిశీలించెనా?'

అప్పటికి సమయం నాలుగు నలభై ఒకటి.

"చూపించు," అంటూ రామచంద్రప్ప తన కుడిచేతిని తువాలు కిందికి పోనిచ్చాడు.

అందులో పిళ్ళప్ప తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లుగా తువాలు కింద చెయ్యి తగిలితే ఆ వేళ్లు ఊరికే ఉండలేదు. ఏది కావాలో అది అడిగేశాయి. ఒక వేలు నొక్కాడు, వంద. నాలుగు వేళ్లు కలిపి నొక్కాడు, నలభై. తర్వాత బొటనవేలు గోదాము వైపు తిప్పాడు.

రామచంద్రప్పకు చక్కిలిగిలి. (ఈ విషయం ఆయన సర్వీసు పుస్తకంలో ఎక్కడా నమోదు కాలేదు.) ఒళ్లంతా మెలితిరిగింది. నవ్వు బయటపడితే హోదాకు భంగమని పళ్లు బిగించాడు. పళ్లతోపాటు పిడికిలీ బిగిసింది. పిళ్ళప్ప వేళ్లు నాలుగింటినీ గుప్పిట్లో నలిపేసి, చెయ్యి విసురుగా బయటికి లాక్కున్నాడు.

"అయిపాయ!" అని అరిచాడు శ్రీనివాసప్ప.

"అయిపాయ!" అంది మార్కెట్టు మొత్తం. టమాటా బుట్టల వాళ్లు, హమాలీలు, టీ గ్లాసులతో పోతున్నవాడు, లారీ మీద మునిలక్ష్మమ్మ.

"ఏమయింది?" అన్నాడు రామచంద్రప్ప.

"నూట నలభై మూటలకు గోదాములో జాగా ఇస్తామని ఒప్పుకున్నారు సార్," అన్నాడు పిళ్ళప్ప.

"నేను నవ్వు ఆపుకున్నానప్పా, అంతే!"

"తువాలు కింద అందరం అదే చేస్తాము సార్." శ్రీనివాసప్ప మర్యాదగా దగ్గరికి వచ్చాడు. "ఒప్పుకొని వెనక్కి పోయినోనికి మాత్రం ఈ మార్కెట్లో కొత్తిమీర కట్ట గూడా పుట్టదు సార్. మీ ఇల్లు ఈ ఊర్లోనే కదా? అమ్మగారు ప్రతి సోమవారం వస్తాంటారు."

రామచంద్రప్ప కళ్ల ముందు రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా, కొత్తిమీర లేని చారు గిన్నెలు వరుసగా కనబడ్డాయి. నాలుగు యాభై రెండుకు సహి చేశాడు. నాలుగు యాభై నాలుగుకు లారీ కదిలింది. హమాలీలంతా తలా ఒక చెయ్యి వేసి చివరి మూట లోపల పడేసేసరికి నాలుగు యాభై తొమ్మిది. అయిదింటికి వాకిలి మూసి, తాళం వేసి, తాళానికి లక్క సీలు వేశారు.

అయిదూ రెండుకు వాన దంచికొట్టింది.

పిళ్ళప్ప, మునిలక్ష్మమ్మ, శ్రీనివాసప్ప ఒకే చూరు కింద నిలబడి, తడిసి, నవ్వి, ఎర్రగడ్డ బజ్జీలు తిన్నారు. (బజ్జీకి వాడింది పెద్ద ఎర్రగడ్డ. అది వేరే రాష్ట్రం నుంచి వచ్చింది.)

"ఎట్లైనా మా ఆయప్ప చెయ్యి చెయ్యే," అంది మునిలక్ష్మమ్మ శ్రీనివాసప్పతో. "నువ్వు కట్టుకున్నా తప్పు ల్యాకుండె."

కథ ఇక్కడ ముగిసిపోవాలి. కానీ సోమవారం నాడు దేశాలు రాజీపడ్డాయి.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఫోటో దిగారు. (వాళ్ల అర్జీ ఏ విభాగానికి పోయిందో తెలియదు.) ఓడ గురువారం బయలుదేరుతుందన్నారు. శ్రీనివాసప్ప లారీ తెచ్చి గోదాము ముందు నిలిపాడు. పిళ్ళప్ప చిక్కబళ్లాపురం పరుగెత్తాడు.

"సార్, పేచీ తీరిపోయింది. మూటలు ఇడిపించండి."

"అనిశ్చితి తీరినట్ల ధ్రువపత్రం కావల్ల."

"టీవీలో చెప్పినారు కదా సార్!"

"టీవీ రేపు ఇంకోటి చెప్తే? నేను అనిశ్చితి అధికారినప్పా. నిశ్చితికి వేరే అధికారి ఉంటారు. పోస్టు మంజూరైంది. మనిషి ఇంకా రాలేదు."

పిళ్ళప్ప భుజం మీది తువాలు తీసి, ముంజేతి మీద కప్పుకుని, చెయ్యి ముందుకు చాచాడు.

రామచంద్రప్ప రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆయన వెనక గోడ మీద ఉత్తర్వు కొత్తగా అంటించి ఉంది: 'ఇలాఖా సిబ్బంది రైతుల తువాలు కింద చేతులు పెట్టరాదు.'

గురువారం ఓడ వెళ్లిపోయింది.

గోదాములో ఫ్యాన్లు ఉన్నాయి. పన్నెండు, మంచివి. వాటికి కరెంటు పథకం రెండో దశలో వస్తుంది. మూటలు లోపల పెట్టిన పందొమ్మిదో రోజున మొగుడూ పెళ్లామూ చింతామణి వెళ్లి, గోదాము కిటికీ ఊచల్లోంచి లోపలికి తొంగిచూశారు. లోపల చీకటిగా లేదు, పచ్చగా ఉంది. ప్రతి గోనె నేతలోంచీ జానెడు మొలకలు పైకి లేచి, వెలుతురు వచ్చే కిటికీ వైపు, అంటే వీళ్లిద్దరి వైపే, తల వంచి నిలబడ్డాయి.

"మన చేన్లో గూడా ఇంత బాగా రాల్యా కదయ్యో," అంది మునిలక్ష్మమ్మ.

పిళ్ళప్ప ఊచల్లోంచి చెయ్యి పెట్టి, అందిన ఒక మొలకను తాకాడు. వదల్లేదు. సముద్రం దాటాల్సిన పంట, చెయ్యి చాచినంత దూరంలో ఉంది.

జేబులో ఫోన్ మోగింది. యాప్ పంపిన నోటీసు. పిళ్ళప్ప మెల్లగా చదివాడు.

'సర్కారీ గోదాము జాగాలో తమరు అనుమతి లేకుండా ఎర్రగడ్డ సాగు చేస్తున్నట్టు తనిఖీలో తేలింది. సదరు జాగా తమరిదేనని చూపే పహణి పత్రంతో ఏడు రోజుల్లో హాజరై సంజాయిషీ ఇవ్వవలెను. ఈ విషయంలో ఎలాంటి అనిశ్చితీ లేదు.'