సత్యవేణి కుర్చీలో బైరాగి

సోమవారం పొద్దున్న సత్యవేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి కుళాయి దగ్గర బిందెలు నింపుకొచ్చి, లాప్‌టాప్ ముందు కూర్చుని, సిడ్నీలో ఉన్న మేనేజరు మధుబాబుతో "షిప్పింగ్ కంపెనీకి చేస్తున్న యాప్‌లో లోపముంది, ఇవాళ విడుదల చేయొద్దు" అని చెప్పాలి. రాసి పంపితే ఆ టీములో ఎవరూ చదవరు. చెప్పకపోతే ఆమె ప్రొబేషన్ గంగలో కలిసినట్టే. మీటింగుకి ఇంకా గంట ఉందనుకుంది. నిన్ననే సిడ్నీ వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుకున్నారన్న సంగతి పాపం ఆమెకు తట్టలేదు.

ఆమె గుమ్మం దాటిందో లేదో లాప్‌టాప్ మోగింది. ఖాకీ యూనిఫారంలో కలకత్తా గార్డెన్ రీచ్ డాకుకు బయల్దేరుతున్న తండ్రి బైరాగి హడలిపోయాడు. డాకులో మనిషి లేచాడంటే ఆ చోట బదులు మనిషి ఉండితీరాలి, లేకపోతే ఆబ్సెంటు. కూతురికి ఆబ్సెంటు పడుతుంటే కన్నతండ్రి చూస్తూ ఊరుకుంటాడా?

"నానున్నాను గదేటి!" అని కుర్చీలో కూర్చుని పచ్చ బొత్తాం నొక్కేశాడు.

తెరమీద సిడ్నీలో ఒకరు మధ్యాహ్నం భోజనం చేస్తున్నారు, టొరంటోలో ఇంకొకరు నిద్రకు ఆవులిస్తున్నారు. వాళ్లెవరో బైరాగికి అర్థం కాలేదు. ఆయనెవరో వాళ్లకూ అర్థం కాలేదు. ఖాకీ చూసి, షిప్పింగ్ కంపెనీ పెద్దమనిషి కాబోలనుకుని మధుబాబు నమస్కారం పెట్టాడు. ఇంగ్లీషులో ఏమడిగినా బైరాగి "ఓకే, ఓకే" అన్నాడు. చివరికి మధుబాబు విడుదల చేసేద్దామా అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే బైరాగి భార్య తవిటమ్మ, పొగలు కక్కే చేపల కూరతో వస్తూ లాప్‌టాప్ వైరు మీద కాలు వేయబోయింది. క్రేను ఆపే అలవాటు కొద్దీ బైరాగి రెండు చేతులూ ఊపి, "రోకో! రోకో!" అని గావుకేక పెట్టాడు.

కూర ఆగింది. విడుదల కూడా ఆగింది.

సత్యవేణి బిందెలతో వచ్చేసరికి తెర ఖాళీ.

"ఏటన్నావు నాన్నా వాళ్లతో?"

"ఏటంటాను? ఓకే అన్నాను. నీ హాజరు పడిపోయింది. బేగి టిఫిను తిను."

విడుదలకూ ఓకే అనేశాడనుకుంది సత్యవేణి. అంతలో మధుబాబు ఫోను.

"సార్, నాదే తప్పు..."

"తప్పేంటమ్మా! పెద్దాయన అంత గట్టిగా ఆపమనబట్టి వెతికాం, లోపం దొరికింది. నీ ఉద్యోగం ఖాయం. రేపు కూడా ఆయన్నే కూర్చోబెట్టు, ఆయన సరేననందే ఏదీ విడుదల చేయం."

ఆ పెద్దాయన తన తండ్రేనని చెప్పడం రేపటికి వాయిదా వేసుకుంది సత్యవేణి. ఉద్యోగం నిలిచినందుకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోను అరచేత్తో మూసి తండ్రి వైపు తిరిగింది.

"రేపు కూడా నువ్వే కూకోవాలంట నాన్నా."

"రేపు నాకు వీక్లీ ఆఫని సెప్పీ," అన్నాడు బైరాగి చెప్పులు తొడుక్కుంటూ.