ఆదివారం బుక్కయిన చేతులు

ఆదివారం పొద్దున మంజువాణి చేతులు వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మంజువాణి హాల్లో సోఫా మీద కూర్చుని మోచేత్తో రిమోట్ నొక్కుతూ టీవీలో వాతావరణం వార్తలు చూస్తోంది. కాకినాడలో ఆ అపార్ట్‌మెంట్‌లో ఇది వింత కాదు. ఏ ఇంట్లో చూసినా పొద్దున పూట ఇల్లాలి చేతులు ఒకచోట, ఇల్లాలు ఒకచోట ఉండటం మామూలే.

చేతులు ఊడదీయడం పెద్ద విద్యేం కాదు. బిగుసుకున్న గాజులు తీసేటప్పుడు చేసినట్టే మణికట్టుకి కాస్త సబ్బు రాసి, గోరువెచ్చటి నీళ్లు పోసి, అరచుట్టు తిప్పితే వచ్చేస్తాయి. కుడి చెయ్యి ఎడమదాన్ని తీస్తుంది. కుడిదాన్ని తీయడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. మంజువాణికి ఆమె భర్త గిరిధర్ తీస్తాడు. పెళ్లయిన కొత్తలో ఊపిరి బిగబట్టి, నొప్పి పుడుతోందా అని రెండుమూడుసార్లు అడిగి తీసేవాడు. ఇప్పుడు ఫోన్ చూసుకుంటూ తీస్తాడు. మగవాళ్ల చేతులు కూడా ఇలాగే ఊడతాయని డాక్టర్లు చెబుతారు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ తిప్పి చూడలేదు.

గాజులు మాత్రం చేతులతో పంపకూడదు. వంటింట్లో గలగలమంటే అక్కడ ఎవరో పని చేస్తున్నారని హాల్లో చుట్టాలకి తెలిసిపోతుంది. అది మర్యాద కాదు.

గిరిధర్ అక్క శకుంతల అదే అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటుంది. ఆమెకి నెలకో ఆలోచన వస్తుంది. స్నేహితుల్నీ చుట్టాల్నీ ఊరికే భోజనానికి పిలవడం ఆమెకి నచ్చదు. ఏదో ఒక థీమ్ ఉండాలి, అన్నీ ఇంట్లో చేసినవే అయి ఉండాలి. ఒకసారి తెల్లవంటల విందు పెట్టింది. అందరూ తెల్లబట్టల్లో వచ్చి కొబ్బరన్నం, పెరుగావడలు, పాలతాలికలు తిన్నారు. ఇంకోసారి రైలు ప్రయాణం విందు అంది. హాల్లో కుర్చీలు వరసగా వేసి పులిహోర పొట్లాలు ఇస్తే, పెద్ద మామయ్య తనకి కిటికీ పక్క సీటు రాలేదని అలిగి లేచిపోయాడు. ఆ తర్వాత పెళ్లిమర్నాటి విందు జరిగింది. అందులో అన్నీ నిన్నటి వంటల్లా ఉండాలి. పులుసుకి ఆ ముందురోజు రుచి రావాలంటే ముందురోజే కాయాలి కాబట్టి, దానికోసం మంజువాణి చేతులు రెండు రోజులు పై అంతస్తులోనే ఉండిపోయాయి. మిగిలిపోయిన వంటలు మిగలకుండా అయిపోయాయని అందరూ మెచ్చుకున్నారు.

శకుంతలకి ఆలోచనలు వస్తాయి, మంజువాణికి వంట వస్తుంది. ఆ లెక్క మీద రెండు ఇళ్లూ సాఫీగా నడుస్తున్నాయి.

ఎరువు తెచ్చుకున్న చేతుల్ని ఒట్టిగా పంపకూడదన్నది ఆ ఇళ్లలో ఆచారం. గిన్నె ఖాళీగా తిరిగి పంపరు కదా, ఇదీ అంతే. గుప్పిట్లో ఒక అరటిపండు, రెండు తమలపాకులు, జాకెట్టు గుడ్డ పెట్టి, మీద తడితువ్వాలు కప్పి గుడ్డసంచిలో పంపుతారు. మంజువాణి బీరువాలో ఒక అర నిండా కుట్టని జాకెట్టు గుడ్డలున్నాయి. కుట్టుకుందామంటే చేతులు ఇంట్లో ఉండాలి.

అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు కూడా దీనికి తగ్గ ఏర్పాట్లు చేశారు. విడి చేతులు లిఫ్టు వాడరాదని, బటన్లకి నూనె అంటుతోందని, మెట్ల మీదుగానే రాకపోకలు సాగించాలని కింద బోర్డు పెట్టారు. బ్యాంకు వాళ్లు ఇంకా సులువు చేశారు. మంజువాణి ఖాతాకి వేలిముద్ర కావాలని కబురొస్తే, గిరిధర్ చేతుల్ని సంచిలో పెట్టుకుని వెళ్లాడు. ఖాతాదారు రాలేదేమని అక్కడ ఎవరూ అడగలేదు. "వేళ్లొచ్చాయిగా, చాలండి" అన్నారట.

ఒక్కసారి మాత్రం పొరపాటు జరిగింది. రైలు ప్రయాణం విందు తర్వాత సంచులు తారుమారై, రెండో అంతస్తు రమణమ్మ చేతులు మంజువాణికి వచ్చాయి. మంజువాణికి తెలిసింది కానీ, అప్పటికే గిరిధర్‌కి జ్వరం. చూసేవాళ్లు లేరు, ఏ చేతులైతేనేం అని ఊరుకుంది. ఆ చేతులే రెండు రోజులు అతని నుదుటి మీద తడిగుడ్డ వేశాయి, కాళ్లు పట్టాయి. మూడోరోజు జ్వరం తగ్గి, వంకాయ పులుసు నోట్లో పెట్టుకోగానే గిరిధర్ కంచం పక్కకి నెట్టి, "ఇవి నీ చేతులు కావే!" అన్నాడు.

ఎంత బాగా కనిపెట్టాడో అని ఇప్పటికీ చుట్టాల్లో చెప్పుకుంటారు.

ఆ ఆదివారానికి ముందు బుధవారం నాడు మంజువాణికి అమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అప్పుడూ చేతులు పైన శకుంతల ఇంట్లో వడియాలు పెడుతున్నాయి. మంజువాణి ముక్కుతో ఫోన్ నొక్కి, దాని పక్కనే తల వాల్చి పడుకుంది.

"ఏమే, తులసి పాప బారసాల ఆదివారం పెట్టుకున్నాం. ఉయ్యాల్లో పెద్దమ్మే వెయ్యాలని మీ చెల్లి ఒకటే పంతం. పొద్దున్నే వచ్చెయ్."

తులసి మంజువాణికి ఒక్కతే చెల్లెలు. అమ్మ పొలం పనికి వెళితే తులసికి అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది మంజువాణే. చందమామని చూపిస్తూ కాదు, చందమామ వచ్చేదాకా తులసి ఆగేది కాదు. పక్కింటి గేదెని చూపిస్తూ పెట్టేది. తులసికి పుట్టిన పాపని మంజువాణి ఇంకా చూడలేదు. చూస్తే చాలదు, ఎత్తుకోవాలి, ఉయ్యాల్లో వెయ్యాలి. దానికి చేతులు కావాలి.

సాయంత్రం గిరిధర్ రాగానే అడిగింది.

"ఏవండీ, ఆదివారం నా చేతులు నాక్కావాలి."

"ఎందుకూ?"

"పాప బారసాల. ఊరెళ్లాలి."

"వెళ్లు. వద్దన్నానా?"

"చేతులతో వెళదామని."

గిరిధర్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "ఆదివారం అక్క గోరుముద్దల విందు పెట్టింది కదా. మన హాలు పెద్దదని ఇక్కడే అనుకున్నాం. మా ఆఫీసు పెద్దసారు కూడా వస్తున్నారు. ముద్దల విందుకి చేతులు లేకపోతే ఎలా?"

మంజువాణి పైకి వెళ్లి శకుంతలనే అడిగింది. శకుంతల చెడ్డమనిషి కాదు. విని ఆశ్చర్యపోయింది.

"ఓసి పిచ్చిదానా, ఇంతోటిదానికి మొహం అలా వేలాడేశావేంటే! బారసాలకి వెళ్లకుండా ఉంటారా? హాయిగా వెళ్లిరా తల్లీ. చేతులు మాత్రం ఉంచి వెళ్లు."

"వదినా, ఇంకెవరివైనా అడగకూడదూ?"

"ఎవరివే? రమణమ్మవా? ఆ చేతులు అన్నం కలిపితే సిమెంటు కలిపినట్టుంటుంది. నీ చేతుల సంగతి వేరు."

"ఉత్త మొండిచేతులతో వెళ్లి ఏం చెయ్యను వదినా? పాపని ఎత్తుకోలేను కూడా."

"అయితే వచ్చే ఆదివారం వెళ్లు. పాప ఎక్కడికి పోతుంది?" అని, ఆమె ఆలోచనలో పడి, "ఇంట్లోనే ఉంటే మటుకు ఆ లోపలి గదిలో కూర్చో మంజూ. నువ్వు హాల్లో తిరిగితే థీమ్ చెడిపోతుంది. ఫొటోల్లో పడతావు" అంది.

ఆదివారం వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీయడం అయిపోయి, చేతులు కందిపప్పు వేయించడంలో పడ్డాయి. గిరిధర్ స్నానానికి వెళ్లిన సమయం చూసి మంజువాణి వంటింట్లోకి వెళ్లింది. మొండి మణికట్లు రెండూ గట్టు మీద ఆనించి, మెల్లగా, "వచ్చెయ్యండి, పోదాం" అంది.

చేతులు ఆగాయి. కుడి చెయ్యి చూపుడువేలు ఒకసారి గట్టు మీద తట్టింది. ఎడమ చెయ్యి గరిట కింద పెట్టి రెండు వేళ్ల దూరం ముందుకు జరిగింది. ఇంతలో పక్క పొయ్యి మీద నూనె కాగి ఆవాలు చిటపటమన్నాయి. చేతులు రెండూ వెనక్కి తిరిగి, ఒకటి కరివేపాకు దూసి వేసింది, ఒకటి మూత అడ్డం పెట్టింది. ఆ తర్వాత ఇంగువ, ఆ తర్వాత పప్పులో ఉప్పు. పోపు మాడుతుంటే వదిలేసి రావడం ఆ చేతులకి తెలియదు. వాటిని అలా పెంచింది మంజువాణే.

ఎండ ముదిరేసరికి చుట్టాలు, స్నేహితులు వచ్చారు. శకుంతల అందర్నీ హాల్లో చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టింది. థీమ్ ప్రకారం ఆడవాళ్లు రెండు జడలు వేసుకున్నారు. గిరిధర్ పెద్దసారు నిక్కరు వేసుకొచ్చాడు. మధ్యలో పీట, పీట మీద పెద్ద ఇత్తడి బేసిన్, బేసిన్‌లో పొగలు కక్కే అన్నం. మంజువాణి చేతులు దానిలో ముద్దపప్పు వేసి, నెయ్యి పోసి, ఆవకాయ కలిపి, ముద్ద చేసి, చాచిన అరచేతుల్లో వరసగా పెట్టుకుంటూ వెళ్లాయి. అరచెయ్యి చిన్నదైతే చిన్న ముద్ద, పెద్దదైతే పెద్ద ముద్ద. పెద్దసారు రెండో ముద్దకే కళ్లు తుడుచుకున్నాడు.

"మా అమ్మే పెడుతున్నట్టుందయ్యా గిరిధర్! ఎవరి చేతులయ్యా ఇవి?"

"మా ఇంటివేనండి" అన్నాడు గిరిధర్ వినయంగా.

లోపలి గదిలో మంజువాణి మంచం మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. చేతులు పనిలో ఉన్నప్పుడు గిరిధర్ తినిపించాలని ఇంట్లో ఒప్పందం. విందు రోజుల్లో అతనికి గుర్తుండదు. దిండు పక్కన ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే? పంతులుగారు వచ్చేశారు. నువ్వొస్తేగానీ పాపని ఉయ్యాల్లో వెయ్యనివ్వనని తులసి మొండికేసి కూర్చుంది."

"అమ్మా, నాకు చేతుల్లేవే. విందులో ఉన్నాయి."

అమ్మ నిష్ఠూరంగా నవ్వింది.

"ఇక్కడ ఎవరికున్నాయి గనక? నావి పొద్దున్నే పొయ్యి దగ్గరికి పంపేశాను. బారసాల భోజనాలు ఊరికే అవుతాయా? మీ పిన్నివి విస్తళ్లు వేస్తున్నాయి. పచ్చి బాలింత అని కూడా చూడకుండా తులసివి కూడా అడిగారు, ఇచ్చేసింది. పాపని మేమంతా ఒడిలోంచి ఒడిలోకి దొర్లించుకుంటున్నాం. చేతుల్లేకపోతే ఏమే, ఒడి ఉందిగా. రా."

"ఉయ్యాల్లో ఎలా వేస్తానే?"

"ఉయ్యాలే దించి నీ ఒళ్లో పెడతాంలే. వచ్చెయ్." ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగి, గొంతు తగ్గించి మురిపెంగా చెప్పింది. "పాపవి మాత్రం భలే గట్టిగా ఉన్నాయే. గుప్పిళ్లు బిగించి అసలు విప్పట్లేదు. మీ పిన్ని అప్పుడే మణికట్లు నొక్కి చూసి, ఇంకా కొన్నాళ్లు పడుతుందిలే అంది."

మంజువాణి ముక్కుతో ఫోన్ ఆపింది. తర్వాత లేచింది. పాపకని తీసి ఉంచిన చొక్కా ఉన్న సంచిని మోచేత్తో మేకు మీద నుంచి తప్పించి భుజానికి వేసుకుంది. అమ్మ ఊరికి సామర్లకోట వైపు వెళ్లే బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ అక్కర్లేదు, కార్డు చూపిస్తే చాలు. చేతుల్లేని ప్రయాణాలకని దాన్ని తాడు కట్టి తలుపు గడియకి వేలాడదీసి ఉంచుకుంది. తల వంచి, మెళ్లో వేసుకుంది.

బయటికి వెళ్లాలంటే హాల్లోంచే దారి. గుండ్రంగా కూర్చున్న వాళ్ల వీపుల వెనక నుంచి, గోడ వారగా నడిచింది. ఎవరూ చూడలేదు. పెద్దసారు చిన్నప్పుడు తను ఎన్ని ముద్దలు తినేవాడో చెబుతున్నాడు, అందరూ అతన్నే చూస్తున్నారు. ఆమె శకుంతల వెనక్కి వచ్చేసరికి కుడి చెయ్యి బేసిన్‌లోంచి ఒక ముద్ద చేసుకుని లేచింది. శకుంతల చాచిన అరచేతి మీదుగా, ఆమె భుజం మీదుగా వచ్చి, ఆ ముద్దని మంజువాణి నోటికి అందించింది.

మంజువాణి నోరు తెరిచి తీసుకుంది. అంతమందికి పెట్టిన ఆ చేతులు తనకి ముద్ద పెట్టడం అదే మొదలు. ఉప్పు సరిపోయింది. ఆవకాయ కొంచెం ఎక్కువైంది, తులసికి అలాగే ఇష్టం. చెయ్యి ఒక్క క్షణం ఆమె పెదవి అంచున అంటిన మెతుకు తుడిచి, మళ్లీ బేసిన్‌లోకి వెళ్లిపోయింది.

శకుంతల ఖాళీ అరచెయ్యి ఆడిస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మంజూ, నాకు నెయ్యి ఇంకాస్త" అంది.

చేతులు నెయ్యి వేసి, ముద్ద చేసి ఆమె అరచేతిలో పెట్టాయి. "మా బంగారుతల్లి, ఒక్కసారి చెబితే చాలు" అని శకుంతల పక్కావిడకి చెప్పింది.

మంజువాణి గుమ్మంలో చెప్పులు వేసుకుంది. మోచేత్తో గడియ తీసుకుని, తలుపు కాలితో దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.