ప్రశాంతతలో ఫస్టు ర్యాంకు

ఒక పెద్ద అడవిలో, కోచింగు నడవని చెట్టంటూ లేని రోజుల్లో, కంటకయ్య అనే ముళ్ళపంది కూతురికి ముళ్ళు రాలిపోవడం మొదలైంది.

పిల్ల పేరు శలాక. పదో తరగతి. పొద్దున కడుపునొప్పి, సాయంత్రం తలనొప్పి, మధ్యలో కోచింగు. ముళ్ళు లేని ముళ్ళపంది చిరుతపులికి ఫలహారం. ఈ సంగతి అడవిలో అందరికీ తెలుసు, చిరుతపులికి ఇంకాస్త బాగా తెలుసు.

"ఇంట్లో పిల్లనేమైనా అంటుంటారా?" అని అడిగింది ఎలుగుబంటి డాక్టరమ్మ.

"అబ్బే, ఒక్క మాట కూడా అనమండీ! అన్నం దగ్గర పక్కింటి పిల్ల మార్కులు చదివి వినిపిస్తాం, అంతే. మా నాన్న నన్ను తుమ్మకంపతో బాది పెంచాడు. నాకేమైంది?" అన్నాడు కంటకయ్య. అంటున్నంతసేపూ అతని ఎడమ కన్ను అదురుతూనే ఉంది.

డాక్టరమ్మ చీటీ మీద 'నిద్ర' అని రాసిచ్చింది. ఆ మందు ఏ కొట్లోనూ దొరకడం లేదని కంటకయ్య అడవి సభకు ఫిర్యాదు చేశాడు.

సభలో పిల్లల సంక్షేమం చూసేది చిరుతపులే. ఆయన ఇంటింటికీ ఫారాలు పంపాడు. 'మీ పిల్లకు ఒత్తిడి ఉందా?' అన్నది ప్రశ్న. ఆ అడవి ఆచారం ప్రకారం పిల్లల ఫారాలు తండ్రులే నింపారు. అందరూ 'లేదు' అని రాశారు.

"ఇళ్ళలో ఒత్తిడి లేదని తేలింది. కాబట్టి లోపం పిల్లల్లోనే ఉంది," అని చిరుత ప్రశాంతత కోచింగు పెట్టించాడు. వారం వారం పరీక్ష, ర్యాంకులు.

కంటకయ్య రోజూ తెల్లవారుజామునే కూతుర్ని లేపేవాడు. "కళ్ళు మూసుకో. ప్రశాంతంగా ఉన్నావా, లేదా? లేకపోతే తాట తీస్తా!"

నెల తిరిగేసరికి శలాకకి ఫస్టు ర్యాంకు వచ్చింది. ఉలకదు, పలకదు. ఒంటిమీద ఒక్క ముల్లు లేదు.

బహుమతి ఇవ్వడానికి చిరుత వేదికెక్కాడు. "ఇంత మెత్తని పిల్లను నేనెక్కడా చూడలేదు," అంటూ మూతి నాక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"నాన్నా, భయమేస్తోంది," అంది శలాక.

ఏడాదిగా ఆ పిల్ల ఆ మాట చెబుతూనే ఉంది. కంటకయ్య వినడం అదే మొదటిసారి. ముళ్ళు నిక్కించి, వీపు తిప్పి, చిరుత మీదికి వెనక్కి ఉరికాడు. చిరుత మూతిలో ఏడు ముళ్ళు దిగాయి.

ప్రశాంతతకు భంగం కలిగించినందుకు సభ శలాక ర్యాంకు రద్దు చేసి, కోచింగులోంచి పేరు కొట్టేసింది. పిల్ల ఇంటికెళ్ళి మూడు రోజులు ఒళ్ళెరగకుండా పడుకుంది. తర్వాతి నెలలో ఒక చిన్న ముల్లు మొలిచింది. కంటకయ్య మురిసిపోయి, దాన్ని కొలవడానికి టేపు తెచ్చాడు. భార్య ఆ టేపు లాక్కుని పొయ్యిలో పడేసింది.

నీతి: భయమేస్తోందని పిల్లలు చెబితే తండ్రులు తప్పకుండా వింటారు, పక్కన చిరుతపులి నిలబడి ఉంటే.