గులాబీ రంగు స్ప్రింగ్

శనివారం పొద్దున ఎల్డన్ ప్రూయిట్ పెట్టుకున్న పని చాలా చిన్నది. వేడి బిస్కట్ రొట్టెల మీద గ్రేవీ పోసుకుని కడుపునిండా తినడం, తుపాకుల క్లబ్బుకు వెళ్లి కొత్త స్ప్రింగ్ వేసిన రైఫిల్‌ను నాలుగు తూటాలు కాల్చి చూసుకోవడం, ఇంటికొచ్చి కునుకు తీయడం. వచ్చే శనివారమే జంటల పోటీ. గెలిచిన జంటకు పొగబెట్టిన పంది తొడ ఒకటి ఇస్తారు, ఫైర్ స్టేషన్ గోడకున్న చెక్క పలక మీద పేర్లు చెక్కిస్తారు.

ఎల్డన్‌కు జంట అతని బావమరిది డెల్మర్. పన్నెండేళ్లుగా ఇద్దరూ కలిసే కాలుస్తున్నారు, కలిసే ఓడిపోతున్నారు. దాణా మిల్లు ఉద్యోగం అయిపోయాక ఎల్డన్‌కు వారంలో చెప్పుకోదగ్గ రోజంటూ మిగిలింది శనివారం ఒక్కటే. ఆ శనివారం కూడా డెల్మర్ ఉంటేనే శనివారం. ఈ సంగతి ఎల్డన్ ఎవరితోనూ అనలేదు, డెల్మర్‌తో అసలే అనలేదు.

డెల్మర్ ఎవరినీ అనుమానించడు. ఇంటికీ బండికీ తాళం వేసిన పాపాన పోడు. ఎల్డన్ సరిగ్గా దానికి విరుద్ధం. తపాలావాడు నవ్వితే ఉత్తరం విప్పి చదివాడేమోనని కవరు అంచులు తడిమి చూస్తాడు. అనుమానం పెనుభూతమంటారు కానీ, ఎల్డన్ ఇంట్లో అది పెంపుడు జంతువు.

శుక్రవారం సాయంత్రం డెల్మర్ రెండు బఫర్ స్ప్రింగులు పట్టుకుని వచ్చాడు. రైఫిల్ మడమలో, అంటే భుజానికి ఆనించే భాగంలో ఉండే స్ప్రింగ్ అది. పేలిన ప్రతిసారీ బోల్టు వెనక్కిపోయి ఖాళీ తొడుగును బయటికి విసరాలి, మళ్లీ ముందుకొస్తూ కొత్త తూటాను లోపలికి తోయాలి. అలా ముందుకు నెట్టేది ఈ స్ప్రింగే. ఏళ్ల తరబడి వాడితే మెత్తబడుతుంది.

"కొట్లో ఒకటి గట్టిది, ఒకటి మామూలుది మిగిలాయి బావా. గట్టిది నువ్వేసుకో. నాకు మామూలుది చాలు" అన్నాడు డెల్మర్.

ఎల్డన్‌కు అక్కడే తేడా కొట్టింది. మంచిదాన్ని తనుంచుకోకుండా ఎదుటివాడికి ఎవడిస్తాడు? కానీ ఆ క్షణానికి భార్య నోరీన్ యాపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె తెచ్చి పెట్టడంతో అనుమానాన్ని పక్కన పెట్టి చెంచా అందుకున్నాడు.

శనివారం మొదటి తూటా పేలింది. రెండోదానికి బోల్టు సగం దూరం పోయి బద్ధకంగా తిరిగొచ్చింది. ఖాళీ తొడుగు బయట పడకుండా సందులో ఇరుక్కుని నిటారుగా నిలబడింది. ఎల్డన్ దాన్ని లాగి పారేసి మళ్లీ కాల్చాడు. మళ్లీ అదే తంతు. పక్కనే డెల్మర్ రైఫిల్ కుట్టుమిషన్‌లా ఆగకుండా నడుస్తోంది.

తుపాకీ ఆగిందంటే ఆ క్లబ్బులో వైద్యులకు కొదవ లేదు. ఒకాయన నేల మీద పడ్డ ఇత్తడి తొడుగులను చూసి జాతకం చెప్పాడు. "మూడు గంటల ముల్లు వైపు పడాల్సినవి ఐదు వైపు పడుతున్నాయి. దీనికి ఊపిరాడట్లేదు" అన్నాడు. ఇంకొకాయన నూనె తక్కువైందన్నాడు. మూడో ఆయన నూనె ఎక్కువైందన్నాడు.

కొత్తగా చేరిన పళ్ల డాక్టర్ విట్‌లాక్ కూడా దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కాల్చే మైదానానికి, అదే రేంజికి, వచ్చేవాడు అతనొక్కడే. "ఈ మధ్య స్ప్రింగ్ ఏమైనా మార్చారా?" అని మర్యాదగా అడిగాడు.

"లేదు" అన్నాడు ఎల్డన్. తన రైఫిల్ లోపలి విషయాలు పరాయివాడికెందుకు?

ఆ అబద్ధం డెల్మర్ విన్నాడు. బావ వైపు చూశాడు, డాక్టర్ వైపు చూశాడు, గొంతు దాకా వచ్చిన మాటను మింగేశాడు. ఆ మింగడం ఎల్డన్ కంటబడింది.

మళ్లీ కాల్చి చూసుకుందామంటే వచ్చే శనివారం దాకా కుదరదు. రేంజిని ఆనుకునే పాల డెయిరీ ఉంది. తుపాకులు మోగితే ఆవులు చేపడం లేదని డెయిరీ ఆయన గొడవ పెట్టినప్పటి నుంచి శనివారం తప్ప మరో రోజు పేల్చకూడదని ఒప్పందం. మధ్యలో వారమంతా ఎల్డన్ ఆలోచించుకోవడానికే మిగిలింది. అతనికి అదే ప్రమాదం.

ఆదివారం చర్చి భోజనాల దగ్గర డెల్మర్, విట్‌లాక్ ఒక మూల నిలబడి గుసగుసలాడుకోవడం కనిపించింది. డెల్మర్ గాలిలో వేలితో గుండ్రంగా చుట్టలు చుడుతున్నాడు. విట్‌లాక్ తలాడిస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి ఎల్డన్ వైపు చూసి, ఒకేసారి చూపులు తిప్పుకున్నారు.

"మీ తమ్ముడు ఆ పళ్లాయనతో ఏం మాట్లాడుతున్నాడు?" అని నోరీన్‌ను అడిగాడు ఎల్డన్.

"పళ్ల గురించే అయ్యుంటుందిలే."

"వాడికున్నవి నాలుగు పళ్లు. వాటి గురించి ఇంతసేపా?"

నోరీన్ జవాబు చెప్పకుండా బంగాళాదుంపల కూర వడ్డించుకుంది. ఆమె జవాబు చెప్పకపోవడం కూడా ఎల్డన్ లెక్కలో చేరింది. ఇంటికొచ్చేసరికి కథంతా అతనికి అద్దంలో కనిపించినట్టయింది. డెల్మర్‌కు కొత్త జంట కావాలి. డాక్టర్‌కు గురి ఉంది, ఖరీదైన రైఫిల్ ఉంది. బావా, నువ్వొద్దు అని చెప్పడానికి మొహం చెల్లక, పనికిరాని స్ప్రింగ్‌ను గట్టిదని అంటగట్టాడు. పోటీలో తుపాకీ నలుగురి ముందూ మొరాయిస్తే ఎల్డనే సిగ్గుపడి తప్పుకుంటాడని ఎత్తు. ఆ రోజంతా అతనికి అన్నం సహించలేదు. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. వచ్చే ఏడాది శనివారాలు ఎలా గడుస్తాయోనన్నది అతని బెంగ.

మంగళవారం వంటింట్లోంచి నోరీన్ ఫోన్ మాటలు వినిపించాయి. "రేపు మధ్యాహ్నం రా డెల్మర్. ఆయన పడుకున్నాక. గురక మొదలైందంటే పిడుగు పడ్డా లేవడు. బీరువా తాళం చెవి నా దగ్గరే ఉంది. వద్దు, చెప్పకు. చెబితే ఎందుకు, ఏమిటని కోర్టు పెడతాడు."

కట్టుకున్నదే కోవర్టు అయ్యాక ఇంక ఎవరిని నమ్మాలి? పడుకున్నట్టు నటించి ఇద్దరినీ పట్టుకోవాలని ఎల్డన్ తీర్మానించుకున్నాడు. బుధవారం మధ్యాహ్నం భోంచేసి, సోఫాలో వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, నమ్మకంగా ఉండాలని కాస్త గురక కూడా పెట్టాడు. ఆ గురక ఎప్పుడు నిజమైందో అతనికి తెలియలేదు. మెలకువ వచ్చేసరికి సింకులో రెండు ఎంగిలి పళ్లేలున్నాయి. వంటింట్లో గోళ్ల రంగు వాసన గుప్పుమంటోంది. నోరీన్ గోళ్లు చూస్తే ఉత్తవే.

ఆమె చర్చి పాటల సాధనకు వెళ్లేదాకా ఓపికపట్టి, రెండో తాళం చెవితో బీరువా తీసి, రైఫిల్ విప్పాడు. అన్నీ ఉన్నాయి. కానీ స్ప్రింగ్ చివర గులాబీ రంగు చుక్క ఒకటి మెరుస్తోంది. ముట్టుకుంటే ఇంకా పచ్చిగానే ఉంది.

'గుర్తు పెట్టారు. పనికిరానిది పొరపాటున కూడా తమ దగ్గరికి రాకూడదని గుర్తు పెట్టుకున్నారు' అనుకున్నాడు ఎల్డన్. దొంగతనం పట్టుకున్న పోలీసుకు కలిగే సంతోషం, సొంతిల్లే దోపిడీకి గురైనవాడి దుఃఖం, రెండూ ఒకేసారి కలిగాయి.

ఆ క్లబ్బులో రాయని చట్టం ఒకటుంది. ఇంకొకడి తుపాకీని అడగకుండా ముట్టుకోకూడదు. ఇంకొకడి పళ్లెంలో చెయ్యి పెట్టిన దానికన్నా అది పెద్ద తప్పు. నలభై ఏళ్లలో ఎల్డన్ ఆ తప్పు చేయలేదు. కానీ వాళ్లే గీత దాటాక తనొక్కడే గీతకివతల నిలబడి ఏం లాభం? గురువారం డెల్మర్ ఎండుగడ్డి వేయడానికి పక్క కొండకు వెళ్లినప్పుడు, గులాబీ స్ప్రింగ్ జేబులో వేసుకుని అతని షెడ్డుకు వెళ్లాడు.

తలుపు బార్లా తెరిచే ఉంది. రైఫిల్ గోడకు వేలాడుతోంది. డెల్మర్ వేటకుక్క చుట్టాన్ని గుర్తుపట్టి తోకాడించింది. ఎల్డన్ గబగబా మడమ విప్పాడు. ఆ స్ప్రింగ్ తీసేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టాలని పసివాడికి కూడా తెలుసు. కంగారులో మరిచిపోయాడు. అది రయ్యిమని ఎగిరి, కప్పు రేకుకు తగిలి, కోళ్ల దాణా బకెట్‌లో పడింది. కుక్క దాన్ని నోట కరుచుకుని ఆడుకుందాం రమ్మన్నట్టు షెడ్డంతా పరుగు తీసింది. ఎల్డన్ దాని వెనక పరిగెత్తి, బతిమాలి, జేబులో ఉన్న ఎండుమాంసం ముక్క లంచమిచ్చి తెచ్చుకున్నాడు. గులాబీది డెల్మర్ రైఫిల్‌లో పెట్టాడు. కుక్క చొంగ తుడుచుకుంటూ రెండోది ఇంటికి తెచ్చి తన దాంట్లో వేసుకున్నాడు. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత తృప్తిగా తిన్నాడు.

పోటీ రోజు ఊరంతా వచ్చింది. డెల్మర్ ముందు కాల్చాడు. ఒక్కసారీ ఆగలేదు. ముప్పై తూటాలూ గురికి తగిలాయి. తూటా తూటాకూ డెల్మర్ ఆశ్చర్యపడటం, తుపాకీని తిప్పి తిప్పి చూసుకోవడం ఎల్డన్ గమనించాడు. పనికిరాని స్ప్రింగ్‌తో ఇదెలా నడిచిందన్న ప్రశ్న ఎల్డన్ బుర్రలో తలుపు తట్టింది కానీ, అప్పటికే అతని వంతు వచ్చేసింది.

మొదటి తూటా పేలింది. రెండోదానికి ఖాళీ తొడుగు సందులో నిటారుగా నిలబడింది. లాగి పారేశాడు. మళ్లీ నిలబడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగోసారి ఎల్డన్ రైఫిల్‌ను బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఇంక చాలు డెల్మర్. నాటకాలు చాలు. చచ్చు స్ప్రింగ్ నాకంటగట్టి మంచిది నువ్వు దాచుకున్నావు. నేనొద్దనుకుంటే మొహం మీదే చెప్పాల్సింది. పన్నెండేళ్లు కలిసి కాల్చినందుకు ఆ మాత్రం మర్యాద చేయలేకపోయావా? పో, పోయి నీ పళ్ల డాక్టర్‌తోనే కాల్చుకో."

రేంజి పెద్ద వెల్మా ముందుకొచ్చింది. ఆమె పాతికేళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆమె గొంతు వింటే పెద్దాళ్లు కూడా సీట్లో సర్దుకుని కూర్చుంటారు. "ఇద్దరూ తుపాకులు ఖాళీ చేసి విప్పి బల్ల మీద పెట్టండి" అంది.

విప్పారు. ఎల్డన్ స్ప్రింగ్ ఉత్తది. డెల్మర్ స్ప్రింగ్ చివర గులాబీ రంగు.

"ఇదేంటి?" అన్నాడు డెల్మర్ నిజంగానే తెల్లబోయి. "ఇది బావ తుపాకీలో ఉండాలి కదా. నేనే పెట్టాను."

"నువ్వు పెట్టావా?" అంది వెల్మా.

"తప్పే వెల్మా, అడగకుండానే పెట్టాను. బావ తుపాకీ ఆగిపోతోంటే చూడలేకపోయా. ఏంటి కారణమని డాక్టర్‌గారిని అడిగా. ఆ గట్టి స్ప్రింగ్ ఈ రైఫిల్‌కి పడదు, బోల్టుని పూర్తిగా వెనక్కి పోనివ్వదు, మామూలుది వేయండి అన్నారు. నా దగ్గరున్నది ఒకటే. అందుకని నాది బావకి పెట్టి, ఆ గట్టిది నేను తెచ్చుకున్నా. నాది ఆగినా నేను నవ్వి ఊరుకుంటా. బావ అలా ఊరుకోలేడు."

"మళ్లీ కలిసిపోకుండా నా గోళ్ల రంగే పూశాం" అంది నోరీన్. "చెబితే తీసుకోవుగా నువ్వు. ఎందుకిస్తున్నాడని వారం రోజులు ఆరా తీస్తావు."

"మరి బుధవారం బావ దాంట్లో పెట్టింది నా దాంట్లోకి నడిచొచ్చిందా?" అన్నాడు డెల్మర్ అమాయకంగా. అందరూ ఆలోచనలో పడ్డారు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఎల్డన్ చెయ్యి భుజం మీదికి పోయింది. తప్పించుకోవడానికి దారేదీ కనిపించలేదు. కుక్కకు నోరుంటే దాన్నే సాక్ష్యం పిలిచేవాళ్లు.

"నేనే మార్చాను" అన్నాడు నేల చూస్తూ. "గురువారం. నువ్వు లేనప్పుడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఎల్డన్‌కు సుఖంగా ఉండేది.

వెల్మా తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇద్దరూ అడగకుండా ఒకరి తుపాకీ ఒకరు ముట్టుకున్నారు కాబట్టి ఇద్దరూ పోటీ నుంచి అవుట్. సాయంత్రం దాకా నేల మీద రాలిన ఇత్తడి తొడుగులన్నీ ఏరి బకెట్లలో నింపాలి. పంది తొడ విట్‌లాక్ జంట పట్టుకుపోయింది.

బావా బావమరిదీ మోకాళ్ల మీద పాకుతూ తొడుగులు ఏరసాగారు. చివరికి ఎల్డనే నోరు విప్పాడు.

"నన్నొదిలేసి డాక్టర్‌తో కలుస్తావనుకున్నా. అదే భయం నాకు."

"ఆయనతోనా?" అన్నాడు డెల్మర్. "ఒక్క సందేహం అడిగినందుకు నా పళ్ల గురించి గంటసేపు క్లాసు పీకాడు బావా. వారం వారం ఎవడు భరిస్తాడు?"

ఎల్డన్ ఏరడం ఆపి డెల్మర్ వైపు తిరిగాడు. క్షమించమన్నాడు. డెల్మర్ సరేలే అని, తన బకెట్‌లోంచి రెండు గుప్పెళ్ల తొడుగులు తీసి బావ బకెట్‌లో పోశాడు. అప్పుడు ఎల్డన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక జన్మలో ఎవరినీ అనుమానించనని మనసులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

మరుసటి శనివారం డెల్మర్ ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చాడు. వాకిట్లో బండి ఆపి, నవ్వుతూ దిగి, జీవితంలో మొదటిసారి బండి తలుపుకు తాళం వేసి, వేసిందో లేదో లాగి చూసుకుని మరీ ఇంట్లోకి నడిచాడు.

బండిలో ఏం దాచాడోనని ఎల్డన్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.